బత్తాయి కేకు – ఒక పాత బాకీ



ఛందస్సు గురించో, జాతీయాల గురించో నాలుగు ముక్కలు చదువుదామని ఇటు వచ్చినవారు ఈసారికి నన్ను మన్నించాలి. ఈ రోజు రాయబోయేది ఒక కేకు గురించి. ముప్ఫై నాలుగేళ్లు పిల్లలకు సంధులూ సమాసాలూ చెప్పి 2016లో పదవీ విరమణ చేసిన తెలుగు పండితుడికి కేకుతో ఏం పని అని మీకు సందేహం రావచ్చు. మా ఆవిడకూ వచ్చింది. "మీరు పొయ్యి దగ్గరికి వచ్చేది చాయ్ అయ్యిందా అని అడగడానికే గదా!" అన్నది. అబద్ధం కాదు. నలభీమపాకాన్ని గురించి తరగతిలో ఎంతైనా చెప్పగలను గాని, ఉప్పు డబ్బా ఎక్కడుంటుందో అప్పటిదాకా నాకు తెలియదు.

ముందుగా మాట సంగతి చూద్దాం, అది నా అలవాటు. 'కేక్' అన్నది హల్లుతో ముగిసే మాట. తెలుగు నోటికి మాట హల్లు మీద ఆగిపోవడం ఇష్టముండదు. అందుకని చివర ఒక ఉకారం చేర్చి కేకు చేసుకున్నాం, బస్సును, రైలును చేసుకున్నట్టే. ఒకప్పుడు ఎనిమిదో తరగతిలో ఒక కుర్రవాడు లేచి, "సార్, కేకుకు తెలుగుల ఏమంటరు?" అని అడిగాడు. నేను వెంటనే "అపూపం" అన్నాను. "అది సంస్కృతం గద సార్" అన్నాడు వాడు. తరగతంతా నవ్వింది, నేనూ నవ్వాను. ఆ కుర్రవాడిని గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తాడు.

మాది గద్వాల. పూర్వం సంస్థానాధీశులు కవిపండితులను ఆదరించినందువల్ల 'విద్వద్గద్వాల' అని పేరు పడ్డ ఊరు. ఉద్యోగం నాగర్‌కర్నూలు ప్రాంతంలో మొదలై వనపర్తిలో ముగిసింది. ఇల్లు కూడా వనపర్తిలోనే కట్టుకున్నాను. నేను ఉద్యోగం చేసిన రోజుల్లో ఈ మూడూ మహబూబ్‌నగర్ జిల్లాలోవే. నేను విరమించిన ఏడే, అక్టోబరులో, మూడూ మూడు జిల్లాలకు కేంద్రాలయ్యాయి.

ఇక విషయానికి వస్తాను.

2020 ఉగాది మార్చి 25న వచ్చింది. శార్వరి నామ సంవత్సరం. శార్వరి అంటే రాత్రి. పేరుకు తగ్గట్టే దేశమంతా తలుపులు మూసుకున్న ఏడు. పండుగకని మా అమ్మాయి, మనవరాలు 21వ తేదీ శనివారమే హైదరాబాదు నుంచి వచ్చారు. మరునాడు జనతా కర్ఫ్యూ, ఆ వెంటనే లాక్‌డౌను. నాలుగు రోజులకని వచ్చినవారు రెండు నెలలు ఉండిపోయారు. లోకానికి కష్టకాలమే గాని, ఇంట్లో పిల్ల తిరుగుతుంటే మాకు అది పండుగ పొడిగింపులాగే ఉంది. ఆ మాట పైకి అనడానికి మాత్రం సిగ్గుగా ఉండేది. ఎందుకంటే మా పాలమూరు జిల్లా కూలీలు ఎక్కడెక్కడో, బొంబాయిలో, పూనాలో చిక్కుబడి ఉన్నారు. టీవీ పెడితే రోడ్ల మీద నడిచి వస్తున్న మనుషులే.

ఏప్రిల్ 18న మనవరాలి పుట్టినరోజు. తొమ్మిది నిండి పది వస్తుంది. కేకు కావాలన్నది. బేకరీలు మూసి ఉన్నాయి. కిరాణా కొట్టు పొద్దున కొన్ని గంటలే తెరుస్తున్నారు. అందులో మైదా లేదు, బేకింగు పౌడరు అసలే లేదు. "పాయసం చేస్తుందిలే అమ్మమ్మ" అన్నాను. పిల్ల ఏడవలేదు గాని, "సరే తాతా" అన్న తీరు చూస్తే ఏడిస్తేనే నయమనిపించింది.

ఆ వారం మా వీధిలోకి ట్రాలీ ఆటోలో బత్తాయిలు వచ్చాయి. ఉత్తరాది మార్కెట్లకు లారీలు పోయే దారి లేక కాయ ఇక్కడే ఉండిపోయిందట. పుల్లటి పండ్లు తినండి, సి విటమిను మంచిదని అందరూ చెబుతున్న రోజులు. మాస్కు కట్టుకున్న ఆటో అబ్బాయి నేను అడిగినదానికి రెండింతలు తూచి, "తీస్కో సార్, కుళ్లిపోతే ఎవరికి లాభం" అన్నాడు. అలా ఒక సంచీడు బత్తాయిలు మా వసారాలో చేరాయి. వాటిని చూస్తుంటే నాకు తోచింది, కేకు నేనే ఎందుకు చేయకూడదని.

బత్తాయి గురించి రెండు మాటలు చెప్పకుండా ముందుకు పోలేను. ఈ పేరు బటావియా నుంచి వచ్చిందంటారు. ఇప్పటి జకార్తాకు డచ్చివారు పెట్టిన పేరు అది. మా వైపు కొందరు మోసంబి అంటారు, అది మొజాంబిక్ నుంచి వచ్చిన పేరు. ఒకే పండు రెండు దూరదేశాల పేర్లు మోస్తున్నదన్న మాట. ఇక నారింజ కథ దీనికి ఎదురు నడక. మన దక్షిణాది భాషల్లోని మాటే సంస్కృతంలో నారంగమై, పారసీకంలో నారంగై, అరబ్బీలో నారంజై, స్పెయినులో నరంహై, చివరికి మొదటి నకారం రాలిపోయి ఇంగ్లీషువాళ్ల దగ్గర ఆరెంజి అయింది. పండ్లు, పేర్లు ఇంత దూరం తిరిగినా వాటి మడి చెడలేదు. బత్తాయి రసం మేము ఏకాదశి ఉపవాసం నాడు కూడా తాగుతాం. ఇది ఎందుకు చెబుతున్నానో తరువాత తెలుస్తుంది.

మొదటి ప్రయత్నం ఏప్రిల్ 9న జరిగింది. దాని వర్ణన క్లుప్తంగా ముగిస్తాను.

మా అమ్మాయి ఫోనులో చూసి చెప్పింది, ఓవెను లేకపోయినా ప్రెషరు కుక్కరులో చేయవచ్చునని. రబ్బరు తీసేయాలి, విజిలు తీసేయాలి, అడుగున దొడ్డుప్పు పోసి, దాని మీద ఒక చిన్న స్టాండు పెట్టి, పైన గిన్నె పెట్టాలి. అంతవరకు బాగానే చేశాను. ఆ తరువాత నా పాండిత్యం మొదలైంది. బత్తాయి తొక్కనంతా, లోపలి తెల్లటి భాగంతో సహా, సన్నగా తరిగి వేశాను. సోడా ఎంత వేస్తే అంత పొంగుతుందని రెండు చెంచాలు వేశాను. గోధుమపిండిని కవ్వం పెట్టి పది నిమిషాలు చిలికాను. ఉడికిందో లేదోనని మూడుసార్లు మూత తీసి చూశాను.

ఫలితంగా పైన మాడింది, నడుమ హల్వాలా ఉండిపోయింది, రంగు ఇటుకలా వచ్చింది. మనవరాలు చిన్న ముక్క నోట్లో పెట్టుకుని, చాలా మర్యాదగా, "తాతా, ఇందులో సబ్బు వేశారా?" అని అడిగింది. మా ఆవిడ నవ్వు ఆపుకోవడానికి వంటింట్లోకి పోయింది. ఎదురింటి ఆవు కూడా దాన్ని వాసన చూసి వదిలేసింది.

12వ తేదీ ఆదివారం ఈస్టరు. సాయంత్రం నాకొక ఫోను వచ్చింది. ప్రతి ఉగాదికీ, ఈస్టరుకీ, గురుపూజ రోజుకీ తప్పకుండా వచ్చే ఫోనే అది. అపూపం సంస్కృతమని నన్ను పట్టేసిన కుర్రవాడు. అప్పటికి యాభై దగ్గర పడుతున్నాడు. ఆర్టీసీలో మెకానిక్కుగా పనిచేస్తూ నాగర్‌కర్నూలులో ఉంటాడు. పేరు రాయను.

"ఈసారి చర్చికి కూడ పోలె సార్. ఇంట్లనే ప్రార్థన చేసుకున్నం. అమ్మ లేకుంట మొదటి ఈస్టర్" అన్నాడు. వాళ్లమ్మ అంతకు ముందటి ఏడు పోయింది.

ఏదో మాట మార్చాలని నా కేకు ప్రహసనం చెప్పాను. చాలాసేపు నవ్వాడు. తరువాత, "మా అమ్మ మస్తు చేసేది సార్ కేకు" అన్నాడు. ఎలా చేసేదని అడిగాను. వాడు చెప్పుకుంటూ పోయాడు.

ఇక్కడ కొంత చరిత్ర చెప్పాలి. ఇరవయ్యో శతాబ్దం తొలి రోజుల నుంచి మా ప్రాంతంలో మెన్నొనైట్ బ్రెదరన్ మిషనరీలు పనిచేశారు. నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల మూడు చోట్లా వాళ్ల మిషను బంగళాలు ఉండేవి. జడ్చర్లలో ఆసుపత్రి ఉంది. ఈ కుర్రవాడి తల్లి చిన్నతనంలో ఒక బంగళా వంటింట్లో పని చేసింది. దొరసాని దగ్గర నేర్చుకున్నది ఈ కేకు. బంగళాలో ఓవెను ఉండేది, ఊళ్లో గుడిసెలో ఎక్కడిది? ఆమె ఒక పెద్ద బగోనెలో వాగు ఇసుక పోసి, కట్టెల పొయ్యి మీద కాగబెట్టి, అందులో రేకు డబ్బా పెట్టి, పైన పళ్లెం మూసి, ఆ పళ్లెం మీద నిప్పులు పోసేదట. కిందా మీదా సెగ. బత్తాయిలు కొనే స్తోమత లేదు. బస్టాండు దగ్గర పండ్లరసం బండివాడు పారేసే తొక్కల్లో మంచివి ఏరి, అడిగి తెచ్చుకునేది. రేకు మూతకు మేకుతో చిల్లులు పొడిచి, వాటి మీద తొక్క పైపొరను మాత్రం తురిమేది. "తెల్లది తాకొద్దు బిడ్డా, చేదొస్తది" అని పిల్లలకు చెప్పేది.

"గుడ్లు నాలుగు ఏసేది సార్. మీకు తెచ్చిన ఏడు మాత్రం ఎయ్యలె. సార్‌వాళ్లు గుడ్డు తినరు అని పెరుగు పోసి చేసింది. అట్ల ఎప్పుడు చెయ్యలె గద, ఒకటి మాడిపాయె. మల్ల తొక్కలు తెచ్చి రెండోది చేసింది."

నాకు నోట మాట రాలేదు. ఫోను పెట్టేశాక చాలాసేపు వసారాలో కూర్చున్నాను. మా ఆవిడ వచ్చి ఎవరికి ఏమైందని అడిగింది. ఆ రోజుల్లో అలాంటి ఫోనులు ఎక్కువగా వస్తుండేవి మరి.

ఏమైందో మీకు చెబుతాను. ముప్ఫై అయిదేళ్లుగా ఎవరికీ చెప్పలేదు.

1985 డిసెంబరు. నాకు ఇరవై ఏడేళ్లు. నాగర్‌కర్నూలుకు దగ్గరలో ఒక ఊరి బడిలో పని. ఈ కుర్రవాడు ఎనిమిదో తరగతి లీడరు. పద్యం చదివితే గొంతు గంటలా మోగేది. యతి దగ్గర ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఎత్తుకోవాలో ఎవరూ చెప్పకుండానే తెలిసినవాడు. వాడి చేత చదివించి మిగతా పిల్లలకు "అట్లా చదవండ్రా" అనేవాణ్ణి. వాడంటే నాకు నిజంగానే ప్రేమ. ఈ మాట దాచను, ఎందుకంటే కథలో కష్టమంతా అక్కడే ఉంది.

క్రిస్మసు సెలవులకు ముందు రోజు వాడు నా దగ్గరికి వచ్చాడు. చేతిలో మోదుగాకు పొట్లం. కొత్త ఆకు, ఈనెతో కుట్టి ఉంది. "అమ్మ ఇచ్చింది సార్, కేకు" అన్నాడు. నేను నవ్వి, వీపు తట్టి, తీసుకున్నాను. "ఇంటికి తీసుకుపోయి తింటానురా, అమ్మకు చెప్పు" అన్నాను. వాడు వెళ్లాక ఆ పొట్లాన్ని సుద్దముక్కల అల్మారాలో, పై అరలో పెట్టాను. ఇంటికి తీసుకుపోలేదు. తినలేదు. ఎవరికీ ఇవ్వనూ లేదు. అక్కడే మరిచిపోయాను. కాదు, మరిచిపోయినట్టు నాకు నేను చెప్పుకున్నాను.

సెలవుల తరువాత మొదటి గంటలో సుద్దముక్క కావాల్సి వచ్చింది. అలవాటు కొద్దీ లీడరును పంపాను. అల్మారా మా తరగతి గది మూలనే ఉంది. వాడు తలుపు తీశాడు. నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఆకు ఎండి ముడుచుకుపోయింది. పైనుంచి కింద దాకా చీమల బారు. వాడు ఒక్క క్షణం నిలబడ్డాడు. తరువాత ఆ పొట్లం తీసి, కిటికీ బయట వేసి, అరను చేత్తో దులిపి, డబ్బాలోంచి సుద్దముక్క తెచ్చి నా చేతికిచ్చాడు. "తీస్కోండ్రి సార్" అన్నాడు. వెళ్లి కూర్చున్నాడు.

ఆ రోజు పద్యం చదవమంటే ఎప్పటిలాగే చదివాడు. కోపం చూపినా, మాట తగ్గించినా నాకు కొంత బరువు దిగేది. వాడు ఏమీ మారలేదు. మరుసటి ఏడు మాత్రం కేకు తేలేదు.

ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్న సమాధానం ఒకటుంది. కేకులో గుడ్డు ఉంటుంది, మేము గుడ్డు తినం, అందువల్ల తినలేదు అని. ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు గదా! కాని ఈ సమాధానం ఎంత గట్టిదో నాకు లోపల తెలుసు. ఆ ఊళ్లో సర్పంచి ఇంట్లో పెళ్లికి వెళ్లి లడ్డూలు తిన్నాను, అక్కడ ఎవరు చేశారో, ఏం కలిపారో అడగలేదు. ఈ పొట్లం ఏ వాడ నుంచి వచ్చిందో తెలుసు గనుక దానికి గుడ్డు అడ్డం వచ్చింది. గుడ్డు తినకపోవడం వేరు, గుడ్డును అడ్డు పెట్టుకోవడం వేరు.

ఆ ఒక్క సాకును కూడా, ఆమె పోయిన ఏడాదికి, ఆమె కొడుకు ఏ నిష్ఠూరమూ లేకుండా, మంచి మాటగా చెబుతూ నా చేతిలోంచి తీసేశాడు. ఆ కేకులో గుడ్డు లేదు. చదువుకోని ఆ తల్లి నా ఆచారం గురించి ఆలోచించింది. నేను ఆమె గురించి ఆలోచించలేదు. కాగితంలో కాకుండా కొత్త మోదుగాకులో ఎందుకు కట్టిందో కూడా నాకు అప్పుడే తెలిసివచ్చింది.

మా గద్వాల ప్రాంతం వాడే సురవరం ప్రతాపరెడ్డి గారు. 1952లో వనపర్తి నుంచి శాసనసభకు ఎన్నికైనవారు. వారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'కు 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. రాజుల యుద్ధాలు కాదు, జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలాడారు అన్నదే చరిత్ర అని చూపిన పుస్తకం. దాని గురించి ఎన్ని తరగతుల్లో, ఎంత ఉత్సాహంగా చెప్పానో లెక్క లేదు. చెప్పిన గది మూలనే ఆ అల్మారా ఉండేది.

రెండో కేకు మరునాడు మొదలుపెట్టాను. ఈసారి పాండిత్యం పక్కన పెట్టి, వాడు ఫోనులో చెప్పినదాన్ని శిష్యుడిలా పాటించాను.

గోధుమపిండిని పలుచని బట్టలో మూడుసార్లు జల్లించాను. పొట్టు పోతే మైదాకు దగ్గరగా వస్తుంది. కప్పున్నర పిండికి ఒక కప్పు పుల్ల పెరుగు, ముప్పావు కప్పు చక్కెర పొడి, అరకప్పుకు కొంచెం తక్కువగా పల్లి నూనె. వేరుశనగ పండే మా జిల్లాలో నూనెకు వెతుక్కోవలసిన పని లేదు. వాసన ఎక్కువగా ఉండకుండా శుద్ధి చేసిన నూనె వాడాను. వంటసోడా ముప్పావు చెంచా, అంతే. దాన్ని పెరుగులో కలిపితే నురుగు లేస్తుంది. పెరుగులోని పులుపు, సోడా కలిసి బొగ్గుపులుసు వాయువు పుడుతుంది. (చిన్నప్పుడు మా సైన్సు పుస్తకంలో అలాగే ఉండేది. కార్బన్ డయాక్సైడు అంటే ఇంత రుచిగా ఉండదు.) ఆ వాయువే కేకును లేపేది. పులుపుకు మించి సోడా వేస్తే మిగిలిపోయిన సోడా సబ్బు రుచి ఇస్తుంది, రంగు ముదురుతుంది. నా మొదటి కేకుకు పట్టిన రోగం అదే.

రెండు బత్తాయిల తొక్క పైపొర, ఒక నిమ్మకాయ తొక్క పైపొర. బత్తాయి వాసన మెత్తనిది, నిమ్మ తోడుంటే నిలబడుతుంది. పాల డబ్బా మూత ఒకటి తీసుకుని మేకుతో చిల్లులు పొడిచాను. మా ఆవిడ, "ఇంట్లో కొబ్బరి తురుము పీట ఉంది గదా" అన్నది. ఉంటే ఉండనీ అన్నాను. తురిమిన తొక్కను చక్కెరతో కలిపి వేళ్లతో నలిపితే చక్కెర లేత పసుపు రంగుకు తిరిగి, వంటిల్లంతా వాసన పట్టింది. తొక్కలోని నూనె చక్కెరకు ఎక్కుతుంది. ఈ కిటుకు కూడా వాళ్లమ్మదే.

పిండిని చిలకలేదు. గోధుమపిండిని ఎంత కలిపితే అంత జిగురు పుట్టి రబ్బరులా సాగుతుంది. చపాతీకి అది గుణం, కేకుకు దోషం. పిండి తడిసేదాకా గరిటెతో నాలుగు తిప్పులు, చివర పావు కప్పు బత్తాయి రసం, ఆపేయడం.

పొడుగ్గా, ఇటుక ఆకారంలో రావాలంటే అచ్చు కావాలి. అటక మీద నా పాత అల్యూమినియం టిఫిను డబ్బా దొరికింది. ఇరవై ఏళ్లు బడికి మోసుకుపోయినది. కుక్కరులో పట్టలేదు. అందుకని పెద్ద బగోనె తీసి, అడుగున ఉప్పు పరిచి, పది నిమిషాలు కాగనిచ్చి, నూనె రాసి పిండి చల్లిన డబ్బాను అందులో పెట్టి, బరువైన మూత పెట్టాను. సన్నని సెగ మీద యాభై నిమిషాలు. మొదటి నలభై నిమిషాలు మూత ముట్టుకోలేదు. వాకిట్లో కుర్చీ వేసుకుని, గడియారం చూస్తూ కూర్చున్నాను. పరీక్ష హాలులో కాపలా కూర్చున్న రోజులు గుర్తొచ్చాయి.

చీపురుపుల్ల గుచ్చితే పొడిగా వచ్చింది. పైన ఒక పొడవాటి పగులు. అది లోపం కాదు, అలాగే ఉండాలని అమ్మాయి చెప్పింది. చల్లారాక కోశాం. రుచి చెప్పను గాని, మనవరాలు ఈసారి సబ్బు ప్రస్తావన తేలేదు. 18వ తేదీన అదే కేకు మళ్లీ చేశాను. పది కొవ్వొత్తులకు బదులు దీపారాధన వత్తులు పది పెట్టాము. అవి మంచిగానే వెలిగాయి.

కథ ఇక్కడ ఆపితే అందంగా ఉంటుంది. కాని అసలు బాకీ అలాగే ఉంది.

2021లో, రెండో అల తగ్గాక, సెప్టెంబరులో వాడు పనిమీద వనపర్తి వచ్చి మా ఇంటికి వచ్చాడు. నేను కేకు చేసి ఉంచాను. మా భోజనాల బల్ల మీద ఇద్దరం కూర్చున్నాం. రెండు ముక్కలు తిన్నాడు. "మంచిగున్నది సార్. అమ్మ చేసినంత లేదు" అన్నాడు. అది విన్నాక నాకు కొంత ధైర్యం వచ్చి, ఆ అల్మారా సంగతి ఎత్తాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక, ముప్ఫై నాలుగేళ్లు మాటలు నేర్పిన నేను, రెండుసార్లు తడబడ్డాను.

వాడు మధ్యలోనే అందుకున్నాడు. "నాకు ఎరుకే గద సార్. చీమలు దులిపింది నేనే."

కాసేపాగి, "అమ్మకు మాత్రం చెప్పలె. సార్ తిన్నడు, మంచిగున్నది అన్నడు అని చెప్పిన. ఎంత సంబురపడ్డదో సార్! మల్లేడు కూడ, సార్‌కు చేద్దామారా అని అడిగింది. నేనే ఒద్దన్న. సార్‌కు చక్కెర పడదంట అన్న" అన్నాడు.

పదమూడేళ్ల పిల్లవాడు. తన తల్లికి బాధ కలగకుండా ఒకటి, నా పరువు పోకుండా ఒకటి, రెండు అబద్ధాలు ఆడాడు. ఆడి, తరగతిలో నిలబడి నా కోసం పద్యం చదివాడు. నేను వాడికి గురువునని ఇన్నేళ్లూ నమస్కారాలు అందుకుంటూ వచ్చాను.

క్షమించమని అడిగాను. "అయ్యో, గంత మాట ఎందుకు సార్" అన్నాడు. అది క్షమించడమో కాదో నాకు తెలియదు. అడిగి తీసుకునే వస్తువు కాదు గనుక మళ్లీ అడగలేదు. వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, "మీరొకసారి మా ఇంటికి రాలె సార్ ఇప్పటిదాక" అన్నాడు. అప్పుడు నాకు అర్థమైంది. నా చేత్తో కేకు చేసి పెడితే బాకీ తీరుతుందని నేను అనుకుంటున్నాను. కాని నేను చేసిన తప్పు ఇవ్వకపోవడం కాదు, పుచ్చుకోకపోవడం. ఇచ్చేవాడి చేయి ఎప్పుడూ పైనే ఉంటుంది. నేను చాపవలసిన చేయి వేరే.

2022 క్రిస్మసుకు నాగర్‌కర్నూలు వెళ్లాం, నేనూ మా ఆవిడా. వాళ్ల ఇంటి ముందు కాగితపు నక్షత్రం వేలాడుతోంది. గోడ మీద వాళ్లమ్మ ఫోటో. వాడి భార్య రెండు పళ్లాలు తెచ్చింది. ఒకదాంట్లో వాళ్ల పిల్లలకు చేసిన కేకు. రెండోదాంట్లో, "మీకు వేరే చేసిన సార్, గుడ్డు ఎయ్యకుంట" అన్నది. ఆ అత్తగారిని చూసి నేర్చుకున్న కోడలు మరి.

తీసుకున్నాను. తిన్నాను. మా ఆవిడ కూడా తిని, తొక్క ఎలా తురిమావమ్మా అని అడుగుతూ వంటింట్లోకి పోయింది. నేను ఇంకో ముక్క అడిగి పెట్టించుకున్నాను. వాడు మాట్లాడలేదు. కాసేపటికి, "సార్, పద్యం ఒకటి చదవాల్నా?" అన్నాడు. చదివాడు. గొంతు కొంచెం బొంగురు పోయింది, యతి దగ్గర మాత్రం ఆగవలసిన చోటే ఆగాడు. అంతా అయ్యాక గోడ మీది ఫోటో వైపు చూసి, "కేకు బాగుందమ్మా" అన్నాను. ముప్ఫై ఏడేళ్లు ఆలస్యంగా.

ఇదీ నా కేకు కథ. కొలతలు పైన ఇచ్చాను. ఎవరైనా చేయదలిస్తే మూడు సంగతులు మరిచిపోకండి. తొక్క తెల్లభాగం తాకొద్దు, సోడా ముప్పావు చెంచా దాటొద్దు, నలభై నిమిషాల లోపు మూత తీయొద్దు. ఇంకొకటి కూడా. ఎవరైనా ఆకులో కట్టి ఏదైనా తెచ్చి ఇస్తే, తినేదైతే వాళ్ల ఎదుటే తినండి. తిననిదైతే ఆ మాట వాళ్ల ఎదుటే చెప్పండి. అల్మారాలో మాత్రం పెట్టకండి.

సెలవు.